నాలుగో మడత మీది ఊళ్ళు

వందో కాగితం మడిచి పక్కన పెట్టి, మడతక్క తలెత్తి గోడ గడియారం చూసింది. ఎనిమిదీ ముప్పావు. ఫరవాలేదు, చెయ్యి నడుస్తోంది. ఇంకా పదకొండు వందలు గోడ వారగా నడుమెత్తున పేర్చి ఉన్నాయి, కొత్త సిరా వాసన కొడుతూ.

కాగితమంటే చిన్నాచితకా కాగితం కాదు. రెండు చేతులూ బార్లా చాపితేగాని అంచులు అందని రోడ్ల పటం. దాన్ని ముందు అడ్డంగా సగానికి మడవాలి. తర్వాత నిలువుగా, ముందుకొకటి వెనక్కొకటిగా ఏడు మడతలు వెయ్యాలి. ఒక్కో మడత మీద ఎముకతో చేసిన జానెడు బద్దతో ఒకే ఒక్క రుద్దు. రెండోసారి రుద్దితే సిరా మెరుస్తుంది, పని తెలియని చెయ్యి అని అక్కడే దొరికిపోతుంది. అన్నీ అయ్యాక అంత పటమూ చొక్కా జేబులో పడుతుంది. ప్రెస్సులో మడత యంత్రం లేక కాదు. కరపత్రాలైతే అది గబగబా మడిచి పారేస్తుంది, ఈ పటం పెడితే మాత్రం నమిలి ఉమ్ముతుంది. అందుకే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ పని ఆవిడ చేతుల మీదుగానే జరుగుతోంది. ఆవిడ అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పొట్టి మనిషి. బల్ల ఎత్తు సరిపోక చెక్కపీట మీద నిలబడుతుంది. ఆ పీట మీద రెండు పాదాల మేర రంగు పోయి చెక్క తేలింది. కుడి బొటనవేలి పక్కన బద్ద రాసుకుని రాసుకుని కాయ కాసింది. వేళ్ళ కొనలు ఎంత నున్నబడ్డాయంటే, హాజరు యంత్రం ఆవిడ వేలిముద్ర పట్టలేక ప్రతి ఉదయం మూడుసార్లు కూస్తుంది. నాలుగోసారి ఫోర్‌మనే వచ్చి చేత్తో రాసుకుంటాడు.

ఫోర్‌మన్ను అందరూ గడియారం అంటారు. మాట్లాడేది మనతో, చూసేది గోడ వంక. పదిహేనేళ్ళ కిందట పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు కాగితం ఎటు పట్టుకోవాలో ఈవిడే చూపించింది. ఇప్పుడు సెలవు కాగితం మీద సంతకం పెట్టాల్సింది అతను. ఏం చేస్తాం, లోకం తీరు.

"పన్నెండు వందలక్కా," అన్నాడు పొద్దున్న రాగానే. "అయిదున్నరకి లారీ వస్తుంది. ఎక్కించేస్తే నీ పది రోజుల సెలవుకి హాయిగా పో. మిగిలిపోతే మాత్రం నన్నడక్కు, నేనేం చెయ్యలేను."

"అవుతాయి."

"రోజూ ఎనిమిది వందలే కదా చేసేది?"

"రోజూ నాకెక్కడికీ పోయే పని లేదు తమ్ముడూ."

గడియారం గడియారం వంక చూసి వెళ్ళిపోయాడు. ఆవిడ చీర కొంగు నడుముకి బిగించింది.

సెలవు ఇప్పుడు దొరకకపోతే మళ్ళీ దొరికినా లాభం లేదు. సంగతి వదిన కళ్ళది. వదినంటే చనిపోయిన భర్తకు అక్క. నలభై ఏళ్ళు దర్జీ దుకాణానికి కాజాలు కుట్టిన మనిషి. ఒకే కప్పు కింద ఇద్దరూ ఉప్పూ నిప్పుగానే బతికారు. ఆయన పోయిన ఈ ఆరేళ్ళలో మాత్రం, దెబ్బలాడుకోవడానికి ఇంకెవరూ మిగలక దగ్గరయ్యారు. రెండేళ్ళుగా వదిన చూపు నడిమధ్యన మసక కమ్ముతోంది. పక్కల ఉన్నవి కనపడతాయి, సూటిగా చూసిందే కనపడదు. "ఏడాది గట్టిగా చెప్పలేను, ఆరు నెలలు చెప్పగలను," అన్నాడు కంటి డాక్టరు మొన్న. బయటికొచ్చాక వదిన మెట్ల మీద కూలబడి, ఒకే ఒక్క మాట అంది. "నేను ఈ వీధీ, ఆ దుకాణమూ తప్ప ఏమీ చూళ్ళేదే."

ఆ మాట మడతక్క గుండెలో దిగబడిపోయింది. మర్నాడే సెలవు అడిగింది.

బండికి లోటు లేదు. భర్త ఇరవై ఏళ్ళు బేకరీ రొట్టెలు తోలిన వ్యాను గుమ్మం ముందే ఉంది. ఆయన పోగానే పాత ఇనుము కొనేవాడు బేరానికి వచ్చాడు. "నా తమ్ముడి బండిని తూకానికి అమ్ముతావా?" అని వదిన తలుపు అడ్డంగా నిలబడింది. సరే, అమ్మనిదాన్ని తోలాలి కదా అని నిరుడు, యాభై నాలుగేళ్ళ వయసులో మడతక్క డ్రైవింగు నేర్చుకుంది. రెండుసార్లు పరీక్ష తప్పింది, పక్కింటివాళ్ళ ప్రహరీ మూల పడగొట్టింది, అయినా పట్టిన పట్టు వదల్లేదు. ఆ రోజుల్లో పక్క సీట్లో కూర్చున్న వదిన, "నాకు సరిగ్గా కనపడకపోవడం ఇవాళ అదృష్టమేనే," అనేది.

ఇంతకీ బండి ఉంది, పెట్రోలు పోయించారు, సంచులు సర్దారు. తేలనిదల్లా ఏ ఊళ్ళకు పోవాలన్నదే.

రెండు వందలు. మూడు వందలు. బద్ద కిందికి జారుతోంది.

పటంలో కుడి పక్కంతా ఎర్ర నక్షత్రాలు. నక్షత్రం ఉందంటే ఆ ఊళ్ళో చూడదగ్గది ఏదో ఉన్నట్టు. జలపాతం, కొండ మీద కోట, పూలతోటలు, పెద్ద సరస్సు. అయిదూళ్ళకు అయిదు నక్షత్రాలు. నట్టనడుమ, నాలుగో మడత గీత వెంటే పైనుంచి కిందికి ఒక సన్నటి రోడ్డు పోతుంది. దాని మీద ఏడు ఊళ్ళు. వాటికి నక్షత్రం లేదు, గుర్తు లేదు, వట్టి చుక్కలే. పది రోజుల్లో ఇటో అటో ఒక్కవైపే పోగలరు.

ఆ ఏడూళ్ళకు ఆవిడ బాకీ పడింది, డబ్బు బాకీ కాదు, మాట బాకీ. ఇరవై రెండేళ్ళ కిందట ఒక సైకిళ్ళ షాపాయన ఏదో పని మీద నగరానికి వచ్చి, ప్రెస్సు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో నలిగిన పటం. బల్ల మీద పరిచి, అడ్డ మడతా నాలుగో మడతా కలిసిన చోట వేలు పెట్టాడు. వేలు కిందికి దిగింది. అక్కడ కాగితం లేదు.

"ఇక్కడమ్మా మా ఊరు," అన్నాడు. కోపం లేదు, నవ్వుతూనే అన్నాడు. "ఎవరి పటం చూసినా మూణ్ణెల్లకల్లా మా ఊరు ఉన్నచోట బొక్కే. దారిన పోయేవాళ్ళు ఆగరు. ఉందని తెలిస్తే కదా ఆగడానికి?"

మడతక్క సిగ్గుతో చచ్చిపోయింది. కొత్త పటం తెచ్చి ఇచ్చింది. ఇదీ అక్కడే చిరుగుతుందని కూడా చెప్పేసింది.

"పోనీ, ఒకసారి మీరే వచ్చి చూసిపోండి. ఊరు ఉందో లేదో మీకైనా తెలుస్తుంది. టీ ఇస్తాను."

"వస్తాను," అంది. ఊరికే అన్న మాట కాదు. ఆ రాత్రే ఆ గీత మీది ఏడూళ్ళ పేర్లూ కంఠస్థం చేసింది. అయితే భర్తకు సెలవున్నప్పుడు ఈవిడకు లేదు, ఈవిడకు దొరికినప్పుడు బండి బాగులేదు. అలా అలా ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి. గడియారాన్ని ఒకసారి అడిగింది కూడా, మడత ఒక వేలెడు పక్కకు జరిపితే ఏం పోతుందని. "జరిపితే ఇంకో ఏడూళ్ళు చిరుగుతాయక్కా, వాళ్ళేం పాపం చేశారు?" అన్నాడు. నిజమే. ఆ నిజం ఆవిడకు నచ్చలేదు, కానీ నిజమే.

నిన్న అన్నం దగ్గర వదినను అడిగింది, ఎటు పోదామని. "నీ బండి, నీ చెయ్యి. నన్నెందుకు అడుగుతావు?" అని వదిన ముఖం తిప్పుకుంది. అడగకపోతే అలుగుతుంది, అడిగితే విసుక్కుంటుంది. ఇదీ వరస.

పన్నెండున్నరకు అయిదు వందల ఎనభై అయ్యాయి. సగానికి ఇంకా ఇరవై తక్కువ. డబ్బా తెరిచి నిలబడే నాలుగు ముద్దలు మింగింది. మింగుతూ, సిరా మరకపడి పారేసిన కాగితం ఒకటి ముందుకు లాక్కుంది. పెన్సిలు పట్టుకుంది. జలపాతం ముందు నిలబడ్డ వదిన రూపం కళ్ళ ముందు మెదిలింది. నడుమ మసకైనా, చుట్టూ పడే నీళ్ళు కనపడతాయి కదా. ఆవిడ కళ్ళకు మిగిలిన కాస్త వెలుతురునూ తీసుకుపోయి, నా మాట నిలబెట్టుకోవడానికి వట్టి చుక్కల ముందు ఒలకబోస్తానా? దానికి నేనెవర్ని?

నీళ్ళు తాగి, నక్షత్రాల ఊళ్ళు అయిదూ వరసగా రాసింది. సైకిళ్ళాయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. కాగితం నాలుగుగా మడిచి రవికెలో దోపుకుని, మళ్ళీ పీటెక్కింది.

మూడింటికి మణికట్టు సలపడం మొదలెట్టింది. తడిగుడ్డ చుట్టుకుంది. నాలుగింటికి భుజం. దాన్ని పట్టించుకోలేదు. నాలుగో మడత వచ్చిన ప్రతిసారీ బద్ద ఆ ఏడూళ్ళ మీదుగా పోతోంది, ఒకే ఒక్క రుద్దు. ఇదివరకు ఎన్ని లక్షలసార్లు రుద్దిందో, ఎన్నడూ ఇంత బరువనిపించలేదు. ఒకచోట చెయ్యి తేలికగా పెట్టింది, మడత సరిగా పడలేదు. ఛీ అనుకుని విప్పి, మళ్ళీ పెట్టి, గట్టిగా రుద్దింది. పని పనే.

అయిదూ ఇరవైకి చివరి కాగితం కట్టలో పడింది. గడియారం వచ్చి కట్టలు లెక్కపెట్టాడు. ఎన్నడూ లేనిది, ఆవిడ ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"అన్నీ అయ్యాయక్కా. మనిషివి కాదు నువ్వు," అని జేబులోంచి సెలవు కాగితం తీశాడు. అప్పటికే సంతకం పెట్టి ఉంది. తేదీ నిన్నటిది.

"ఇది నిన్ననే పెట్టావా?"

"పెట్టాను. ముందే చెప్తే తొమ్మిది వందల దగ్గర ఆపేస్తావేమోనని..."

"నీ పని వచ్చాక చెప్తా," అంది గానీ, నవ్వొచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. వదిన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద రోడ్ల పటం పూర్తిగా పరిచి ఉంది. పక్కన గుండీల డబ్బా మూత తీసి ఉంది. మడతక్క చెప్పులు విడుస్తూనే రవికెలోంచి కాగితం తీసింది.

"వదినా, ఊళ్ళు ఖాయం చేశాను. జలపాతం ముందు. తర్వాత కోట..."

"ఆ కాగితం అవతల పారెయ్. ముందిటు రా."

దగ్గరికి వెళ్ళి చూసింది. పటం నడుమ, నాలుగో మడత గీత వెంట, పైనుంచి కిందికి ఏడు తెల్ల గుండీలు పెట్టి ఉన్నాయి. మగవాళ్ళ చొక్కా గుండీలు.

"పొద్దుటినుంచీ భూతద్దం పెట్టుకుని చూశానే. నీ నక్షత్రాలు ఒక్కటీ కనపడి చావలేదు. అంతా ఎర్రటి మసక. విసుగొచ్చి వేలు పెట్టి తడిమాను. ఈ గీత తగిలింది." వదిన చూపుడు వేలు గీత వెంట మెల్లగా జారింది. కాజా అంచులు నలభై ఏళ్ళు తడిమిన వేలు అది. "అప్పుడు నీ పాఠం గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అన్నం దగ్గర వినిపిస్తున్నావు కదా, రెండు మడతలూ కలిసేచోట సైకిళ్ళాయన ఊరు, బెత్తెడు పైన ఒకటి, దాని మీద మూడు వేళ్ళకు ఇంకోటి అని. అలా కొలిచి పెట్టాను. సరిగ్గా ఉన్నాయా?"

రెండు గుండీలు ఊరు దాటి పక్క పొలాల్లో పడ్డాయి. మడతక్క వాటిని ముట్టుకోలేదు.

"సరిగ్గానే ఉన్నాయి వదినా. కానీ అక్కడ చూడ్డానికేం లేదు. నీ కళ్ళకు..."

"నా కళ్ళకూ నీ పటానికీ ఒకటే జబ్బు, నట్టనడుమ చిరిగింది. అలాంటి ఊరేదో నేను చూడాలి. వీధులుంటాయి కదా? గుమ్మాల్లో మనుషులుంటారు కదా? నేను చూడనివి అవే. జలపాతం పక్కన నిలబడితే చప్పుడు గుడ్డిదాన్నయ్యాక కూడా వినపడుతుంది, అప్పుడు తీసుకెళ్ళు." గొంతు తగ్గించింది. "ఆ సైకిళ్ళాయన ఉంటాడో ఉండడో. నువ్వు మాటిచ్చావు. నువ్వు మాట తప్పడం చూడాల్సి వస్తే, ఈ కళ్ళు ఇవాళే పోయినా నాకు బాధలేదు."

మడతక్కకు ఏడుపొచ్చింది. నుంచున్నచోటే, బల్ల పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. వదినకు సూటిగా ఏదీ కనపడదు కాబట్టి తెలియదనుకుంది.

"ఏడ్చింది చాలు, చెయ్యి చూపించు. వాచినట్టుంది. కాపడం పెడతాను," అంది వదిన.

తెల్లవారుజామున బయల్దేరారు. వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు. వ్యాను వెనక తలుపు తీస్తే ఇప్పటికీ రొట్టెల వాసన వచ్చింది. సంచులు పెట్టి, వదినను ముందు సీట్లో కూర్చోబెట్టి, మడతక్క తాళం వెయ్యడానికి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వంటింటి కిటికీలోంచి బల్ల కనపడుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళలో తను విప్పిన పటాన్ని మడవకుండా వదిలి లేచిన రోజు లేదు. వేళ్ళు వాటంతటవే కదిలాయి.

వ్యానులోంచి హారను మోగింది. వదినే నొక్కింది.

"వస్తున్నా! దారి చూసుకోవడానికి పటం అక్కర్లేదా?"

"నీకు నోటికొచ్చు, నాకు వేలికొచ్చు. ఇంకెందుకే? రా!"

మడతక్క తాళం వేసింది. బండి మలుపు తిరిగి, పొరుగువాళ్ళ కొత్త ప్రహరీ మూలను జాగ్రత్తగా తప్పించుకుని వెళ్ళిపోయింది. వంటింట్లో బల్ల మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా పటం పరిచే ఉంది, నడిమి గీత మీద ఏడు చొక్కా గుండీలతో.