గార్డుగారి నోటుబుక్కులో నడిమి కాగితం

ముందుగా ఒక మాట. రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఆరో ఏట. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్క అక్షరానికి పోతాయి. ఒక పేజీ నిండడానికి నాకు రెండు పూటలు పడుతుంది. చెప్పేది నేను కాదు, నా ముందున్న ఈ నోటుబుక్కు. దాని చివర మిగిలిన ఖాళీ పేజీల్లోనే రాస్తున్నాను.

నేను ఒక నూరు పేజీల నోటుబుక్కుని. గోధుమరంగు అట్ట, వెనక ఎక్కాలు. గీతల మిషను కింద పడుకుని నీలం గీతలు వేయించుకుని, నడుముకి రెండు పిన్నులు కొట్టించుకుని, గుంతకల్లు స్టేషను ఎదుటి అంగడికి వచ్చాను. నాకు పుట్టుకతోనే కుళ్లు ఎక్కువ. అద్దాల బీరువాలో ఎర్ర రిబ్బను పెట్టుకుని కూర్చునే డైరీలను చూస్తే ఒళ్లు మండేది. వాటిలో మనుషులు మనసులో మాటలు రాసుకుంటారట.

నన్ను కొన్నది గూడ్సు గార్డు తిప్పేస్వామి. మొదటి పేజీలో ‘బ్రిడ్జి పాటల పద్ధతి’ అని రాసి, కింద రెండు పేర్లు పెట్టాడు. ఒకటి తనది. రెండోది రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పే రూతమ్మ టీచరుది. నేను పొంగిపోయాను. రెండు పేర్లున్నాయంటే పెళ్లిపత్రికంత గౌరవం కదా!

బ్రిడ్జి నలుగురు ఆడే పేకాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ముక్క వేయకముందే, ఏది తురుపు, ఎన్ని పట్లు పడతాం అని వేలంపాటలాగా పాడాలి. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగుల పేర్లు, తురుపే వద్దనే నోట్రంపు, పాసు, డబలు, రీడబలు. మొత్తం పదిహేను మాటలు. పదహారో మాట అనకూడదు, దగ్గకూడదు, కనుబొమ్మ ఎగరేయకూడదు. అందుకని ఏ పాటకి ఏమి అర్థమో జట్టువాళ్లు ముందే అనుకుని రాసిపెట్టుకుంటారు. ‘ఒక కళావరు’ అంటే కళావర్లున్నాయని కాదు, నా చేయి బలంగా ఉందని. ‘నాలుగు నోట్రంపు’ అంటే నీ దగ్గర ఆసులెన్ని అని. ఇందులో దొంగతనం లేదు. ఎదుటి జట్టు అడిగితే అర్థం చెప్పి తీరాలని రూలు. ఇంట్లో పెళ్లాం అడిగితే చెప్పాలని మాత్రం ఏ రూలూ లేదు.

ఆ పెళ్లామే సుంకమ్మ, ఇప్పుడు నన్ను రాస్తున్న మనిషి. అప్పటికి ఆమెకు సంతకం కూడా రాదు. ఆదివారం టీచరు గొడుగు మడిచి వరండాలో కూర్చునేది. ఇద్దరి మధ్య నేను. లోపల సుంకమ్మ బొరుగుల ఉగ్గాని తిరగేస్తూ చెవి ఇటు పెట్టేది.

“ఏమండీ, కళావరంటే కళావరు కాదంటే ఏందంటా మరి?”

“నీకు తెలీదులే సుంకా. అదంతా పెద్ద కథ.”

“చెప్పండి గార్డుగారూ, ఆమెకెందుకు తెలీదు?” అంది టీచరు.

“ఉగ్గాని మాడుతున్నట్టుంది, పోయి చూడు మే.”

సుంకమ్మ పోయి బాణలితో చెప్పుకుంది. “పదిహేను మాటలంట! నాతో రోజు మొత్తం మీద అన్నైనా మాట్లాడడు. కూరేంది, నీళ్లు పెట్టు, చొక్కా యాడ. అయిపాయె.”

ఆమెకు నా మీద కుళ్లు. అది నాకు తెలుసు. నాకు ఆమె మీద ఎంత కుళ్లో ఆమెకు తెలీదు. డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపుకున్నప్పుడు తిప్పేస్వామి ఆమెకే చెప్పేవాడు, గూడ్సు చివరి బ్రేకువ్యానులో ఒంటరిగా ఉంటే చనిపోయిన తమ్ముడు గుర్తొస్తాడని. అవి మాటల కింద సుంకమ్మ లెక్కపెట్టుకోలేదు. నాలో మాత్రం ఎంతసేపూ అంకెలే. ఇవాళ వాన పడిందని కూడా ఆయన నాలో ఎన్నడూ రాయలేదు.

రైల్వే డివిజన్ కప్పు పోటీకి రెండు వారాల ముందు ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. నా నడిమి కాగితం మీద టీచరే రాసింది. ఒకరు ‘ఒక నోట్రంపు’ అన్నాక జతవాళ్లు ‘రెండు ఆఠీన్లు’ అంటే, ఆఠీన్లు కాదు, ఇస్పేట్లు ఉన్నాయని. విన్నవాళ్లు పాసు చెప్పకూడదు. ‘రెండు ఇస్పేట్లు’ అని తీరాలి. అంతకుముందు అదే పాటకి ఆయన ఇరవై ఏళ్లుగా పాసు చెబుతున్నాడు.

“అలవాటు చొప్పున పాసు అంటారు చూడండి,” అంది టీచరు.

“అంటే మీ ఇస్పేట్లు నేను పాడాలి. నా పచ్చజెండా మీకిచ్చేసి, మీ బెత్తం నేను పట్టుకున్నట్టే.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. లోపల గరిటె ఆగింది. అలాంటి నవ్వు ఆ ఇంట్లో సుంకమ్మ ఎన్నడూ వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన డ్యూటీకి పోగానే ఆమె నన్ను తెరిచింది. చదవడం రాదు. కానీ ఏ పేజీ దగ్గర నవ్వారో గుర్తుపెట్టుకుంది. పిన్నులు లేపి నడిమి కాగితం లాగేసి, పిన్నులు మళ్లీ నొక్కేసింది. చిరిగిన గుర్తు కూడా మిగల్లేదు. పొయ్యి దగ్గరికి పోయింది కానీ వేయలేకపోయింది. అక్షరాలున్న కాగితాన్ని కాల్చకూడదని ఆమె నమ్మకం. మడిచి దేవుడి పటం వెనక పెట్టింది.

పోటీ రోజు పొద్దున ఆయన నన్ను ముందుకీ వెనక్కీ తిప్పాడు. “ఇందులో కాగితం ఏమన్నా తీశావా?”

“చదువు రానిదాన్ని, నాకెందుకు మీ కాగితాలు?”

ఆయన తల గోక్కున్నాడు. “అయితే రాశామని నేనే అనుకున్నానేమో.”

నన్ను సంచిలో పెట్టుకుని, పోటీ జరిగే రైల్వే ఇన్‌స్టిట్యూటుకి పోయాడు. చివరి ఆటలో ‘ఒక నోట్రంపు’ పాడాడు. టీచరు ‘రెండు ఆఠీన్లు’ అంది. ఆయన ఆలోచించాడు, చెమట తుడుచుకున్నాడు, పాసు అన్నాడు. టీచరు చేతిలో ఆరు ఇస్పేట్లు. ఆఠీన్లు రెండంటే రెండు. కప్పు పోయింది.

“ఒక్క పాటే కదా గార్డుగారూ,” అంది టీచరు.

“మీరు రాసిన పేజీ నేనే తీసి ఎక్కడ పెట్టానో, అసలు రాయనే లేదనుకున్నాను టీచరమ్మా. అది ఒక్క పాట కాదు. నా బుర్ర పాడైంది.”

మళ్లీ ముక్క పట్టలేదు. జ్ఞాపకశక్తికి టానిక్కులు తాగాడు. జెండా ఊపానా లేదా అని భయపడి, గూడ్సు దిగి ఆఫీసులో కూర్చునే పని అడిగి తెచ్చుకున్నాడు. ఆదివారాలన్నీ ఇంట్లోనే. సుంకమ్మ కోరుకున్నది అదే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర పదిహేను కాదు, ఐదు మాటలు కూడా మిగల్లేదు. చెబుదామని ఆమె ఎన్నోసార్లు నోరు తెరిచింది, ఉప్పు సరిపోయిందా అని అడిగి మూసుకుంది. పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఆయన పోయాడు.

ఆ తర్వాత సుంకమ్మ పలక పట్టుకుని పోయింది రూతమ్మ టీచరు దగ్గరికే. రిటైరయ్యాక టీచరు ఇంటి వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పేది.

“ఈ వయసులో ఎందుకు సుంకమ్మా?”

“ఒక కాగితం చదవాల టీచరమ్మా.”

ఏడు నెలలకు దేవుడి పటం వెనకనుంచి ఆ మడత తీసింది. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. అన్నీ పేకముక్కలే. చివరి వరుసలో, ‘గార్డుగారూ, పాసు చెప్పకండి’. అంతే. దేన్ని చూసి అన్నేళ్లు కుళ్లుకుందో అందులో అది లేనే లేదు.

మర్నాడు ఆ కాగితాన్ని టీచరు ముందు పెట్టింది. టీచరు చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ చదివింది. “పదకొండేళ్లు ఆ మనిషి తనకు మతి పోయిందనుకున్నాడు. తెలుసా నీకు?”

“తెలుసు.”

“లేచి పో సుంకమ్మా. రేపటినుంచి రాకు.”

నెల దాటాక టీచరే గొడుగు వేసుకుని వచ్చింది. కూర్చోలేదు. “ఆ పుస్తకం ఇటు తే.” పిన్నులు లేపి, నా కాగితాన్ని నా నడుములో పెట్టి నొక్కింది. “నాకు ఆటలో జత లేక ఇన్నేళ్లయింది. ఆ జాగా ఖాళీ చేసింది నువ్వే, వచ్చి కూర్చో. పదిహేను మాటలు. మరిచిపోయావా, బెత్తం ఇంకా ఇంట్లోనే ఉంది.”

రెండేళ్లు నేర్చుకుంది. పోయిన నెల ఇన్‌స్టిట్యూటులో ఎదుటి జట్టుగా ఇద్దరు రిటైరైన డ్రైవర్లు కూర్చున్నారు.

“పెద్దమ్మా, ఇది మూడుముక్కలాట కాదు,” అన్నాడు ఒకడు.

“నువ్వు ముక్కలు పంచప్పా, చూద్దాం.”

సుంకమ్మ ‘ఒక నోట్రంపు’ అంది. టీచరు ముక్కల వంక చూస్తూ, “రెండు ఆఠీన్లు,” అంది.

సుంకమ్మ చేతిలో నాలుగు ఆఠీన్లు, రాజు రాణితో సహా. చేయి చూసినవాళ్లెవరైనా పాసు చెప్పెయ్యమంటారు. నేను సంచిలో ఉన్నాను, నన్ను తెరవకూడదు. ఆమె గొంతు సవరించుకోలేదు, దగ్గలేదు.

“రెండు ఇస్పేట్లు.”

ఆటలో మొహం మారకూడదని రూలు. టీచరు మొహం మారింది. డ్రైవర్లు చూశారు, చూడనట్టు ముక్కలు సర్దుకున్నారు.

ఇప్పుడు ఆ ఇద్దరాడవాళ్లు తెల్లారింది మొదలు మాట్లాడుకుంటూనే ఉంటారు. గార్డుగారి గురించి, నీళ్ల ట్యాంకరు గురించి, పదిహేను మాటలకు ఎక్కడా ఆగకుండా. నన్ను తెరిచేది ఎప్పుడో. నాకు మళ్లీ ఒళ్లు మండుతోంది. అందుకే సుంకమ్మ ఈ ఖాళీ పేజీల్లో రాయడానికి కూర్చుంది. మొదటి రోజు కలం పట్టుకుని కిటికీలోంచి చూసి, నా పైన మూలలో ఒక ముక్క రాసింది. ‘ఇవాళ వాన పడింది.’

ఇట్లు,
బోయ సుంకమ్మ, వయసు అరవై తొమ్మిది,
రూతమ్మ టీచరు ఇంటి పక్క వాటా, రైల్వే స్కూలు వెనక వీధి, గుంతకల్లు.