ఒకటి నొక్కితే మింగినట్టే

మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు పోతుంటే, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే కౌసల్యమ్మ ఊరు వస్తుంది. ఆమె అక్కడ అంగన్‌వాడీ టీచరు. పొద్దున పిల్లలకు పాటలు, మధ్యాహ్నం ఉప్మా, ఈ రెండు పనుల సందున క్షయ రోగులకు గోలీలు. రోగి ఆమె కళ్ల ముందే మందు మింగాలని సర్కారు నియమం. వారానికి మూడు రోజుల చొప్పున ఆర్నెల్లు. ఒక్కో రోగికి పేరు రాసిన డబ్బా ఒకటి ఉంటుంది. రాని వాళ్ల దగ్గరికి ఆమే డబ్బా చంకన పెట్టుకుని పోయేది. పొలంలో ఉంటే పొలానికి, కల్లు దుకాణంలో ఉంటే అక్కడికి. పది మందిలోనూ నోరు తెరిపించి, మింగాడో లేదో నాలుక ఎత్తించి చూసేది.

ఇరవై రెండేళ్ల వయసులో ఆమెకూ ఆ రోగం వచ్చింది. అత్తగారు పళ్లెం వేరు పెట్టింది, మొగుడు మంచం వాకిట్లో వేశాడు. అందుకని రోగుల మీద జాలి చూపించడం ఆమెకు చేతకాదు. తిడుతుంది. ఆ తిట్లు పడలేక మందు మింగి బాగుపడ్డవాళ్లు ఊళ్లో ముప్ఫై మందికి తక్కువ లేరు.

రెండువేల ఐదు వానాకాలం చివర్లో ఊళ్లోకి తెల్ల కారు వచ్చింది. అప్పట్లో తెల్ల కారు వస్తే ఎవరో భూమి కొనడానికి వచ్చారనే అనుకునేవారు. ఇద్దరు ముగ్గురు రైతులు పాస్‌బుక్కులతో సహా బయటికి వచ్చారు కూడా. కాని దిగినవాళ్లు అంగన్‌వాడీ ఎక్కడని అడిగారు.

ఒకతను గోవర్ధన్. హైటెక్ సిటీలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ, మెడలో నీలం పట్టీకి వేలాడే కార్డు. రెండో మనిషి సింధుజ, అప్పుడే డాక్టరు చదువు పూర్తి చేసిన పిల్ల. బయటి దేశపు యూనివర్సిటీ ఒకటి, ఈ కంపెనీ కలిసి పరిశోధన చేస్తున్నాయట. ఊళ్లో మందు వాడుతున్న ఐదుగురికీ ఐదు ఫోన్లు ఇస్తారు. డబ్బాలు రోగుల ఇళ్లలోనే ఉంటాయి. మందు రోజు పొద్దున ఏడింటికి ఫోను మోగి, ఒక ఆడగొంతు తెలుగులో అడుగుతుంది: మీరు మందు వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి. నొక్కగానే సిటీలో కంప్యూటర్ మీద ఆ మనిషి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడుతుంది.

"మీకిక వర్క్‌లోడ్ ఉండదమ్మా," అన్నాడు గోవర్ధన్. "ఇక్కడ సక్సెస్ అయితే పేద దేశాలన్నిటికీ ఇదే మోడల్. ఆఫ్రికాలో కూడా పెడతాం."

"ఆఫ్రికా సంగతి నాకు తెల్వదు సారూ. మా బాలమల్లు సంగతి తెలుసు. పొద్దుగాల ఆరింటికే డీసీఎం బండి ఎక్కి గండిపేట పోతడు, బిల్డింగుల పనికి. ఏడింటికి మోగితే ఎవరెత్తాలె?"

"ఫోన్ వెంట తీసుకెళ్తాడు కదమ్మా. అందుకే దాన్ని మొబైల్ అంటారు."

వాళ్ల వెనక కారు దిగిన కంపెనీ ఆఫీసు మనుషులిద్దరు నవ్వారు. కౌసల్యమ్మ వాళ్ల బూట్ల వైపు చూసింది. బురద ఒక్క చుక్క అంటలేదు. ఊరు చూడకుండానే ఊరి సంగతి తెలిసిపోయిన మనుషులు, అనుకుంది.

అసలు మాట చివర్లో సింధుజ చెప్పింది, తల దించుకుని. "అమ్మా, ఈ ఆర్నెల్లు మీరు వాళ్ల ఇళ్లకు పోవద్దు. పోతే, ఫోన్ వల్ల బాగయ్యారో మీ వల్ల బాగయ్యారో మాకు తెలియదు. స్టడీ పాడవుతుంది."

"ఎవరి వల్ల బాగైతే ఏంది బిడ్డా? బాగైతే సాలు గద?"

"సైన్సుకు తేడా ఉంటుందమ్మా."

జిల్లా ఆఫీసరు సంతకం పెట్టిన కాగితం చేతిలో పెట్టారు. కౌసల్యమ్మ ఆగిపోయింది. ఆ సంతకానికి జంకినందుకు తర్వాత ఆమె తనను తాను తిట్టుకున్నంతగా ఏ రోగినీ తిట్టి ఉండదు.

రెండు నెలలు దాటాక, ఒక సాయంత్రం ఆమె చేవెళ్ల నుంచి వచ్చి రోడ్డు మీద బస్సు దిగేసరికి కల్వర్టు గోడ మీద బాలమల్లు కూర్చుని ఉన్నాడు. డీసీఎం దించేసి పోయింది, ఊళ్లోకి నడిచే ఓపిక లేదు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. సిమెంటు దుమ్ము." దగ్గు వచ్చి తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆ తువ్వాలను చేతిలోంచి లాక్కుని విప్పింది. నెత్తుటి మరక ఇంకా తడిగానే ఉంది.

రెక్క పట్టుకుని ఇంటికి నడిపించుకు వచ్చింది. ఇంట్లోకి అడుగు పెట్టగానే వాడి భార్య విమలమ్మను మందుల డబ్బా తెమ్మంది. తెచ్చి ఇస్తే తెరిచి చూసింది. ఐదు వారాల మందే ఖాళీ అయింది, అదీ ఫోను రాకముందు ఆమె చేతి మీదుగా పోయినదే. ఆ తర్వాతి గోలీల పట్టీ ఒక్కటీ చింపలేదు.

"మరి ఫోన్ మోగలేదా?"

"అయ్యో, మోగకేమక్కా! ఆయన పనికాడ పడిపోతదని ఇంట్లనే పెట్టిపోతడు. మోగినప్పుడల్ల నేనే ఒకటి నొక్కుత. ఒక్క దినం గూడ తప్పలే." ఆ మాట చెబుతున్నప్పుడు విమలమ్మ మొహంలో కాస్త గర్వం కూడా ఉంది.

"వాడు మింగకుంటే నువ్వెట్ల నొక్కినవే?"

"నొక్కకుంటే మల్ల మల్ల మోగుతది. వారం నొక్కకుంటే ఫోన్ వాపస్ తీస్కపోతమని సారు జెప్పిండు. మా అవ్వ వికారాబాదుల ఒక్కతే ఉంటది. గీ ఫోన్ల జర ఆమెతోని మాట్లాడుకుంటున్న." డబ్బా వైపు చూసింది. "తప్పు జేసిన్నా అక్కా?"

కౌసల్యమ్మ బాలమల్లు వైపు తిరిగింది.

"జరం పోయింది, ఆకలైంది," అన్నాడు వాడు. "బాగైన అనుకున్న. గోలీలు మింగితే పొద్దంత కక్కొస్తది. కక్కుకుంట సెంట్రింగు ఎట్ల ఎక్కాలె? నువ్వొస్తవేమో, తిడ్తవేమో అని చూసిన. నువ్వు రాలే."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. విమలమ్మ తెచ్చిన నీళ్లు తాగకుండానే లేచి, మిగతా నాలుగిళ్లూ తిరిగింది. ఇద్దరు మధ్యలో మానేశారు. ఒక ముసలామె ఫోను దొంతన్‌పల్లి కాలేజీ క్యాంపస్‌లో తోటపని చేసే కొడుకు జేబులో ఉంది. తల్లి గోలీకి అతను అక్కడినుంచే ఒకటి నొక్కుతున్నాడు. ఒక్క అనంతయ్య మాత్రం గోలీ వదలకుండా మింగుతున్నాడు. ఫోనులో ఆడగొంతు కలెక్టరమ్మదని ఆయన నమ్మకం. మింగకుండా నొక్కితే పింఛను ఆపేస్తుందని భయం.

మర్నాడు బాలమల్లును చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ కళ్లె పరీక్ష చేసే కుర్మయ్య ఆమెకు పాత స్నేహితుడు. మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "పురుగులు నిండ ఉన్నయి టీచరమ్మా," అన్నాడు. ఆమె అక్కడినుంచే సింధుజకు ఫోను చేయించింది. మధ్యాహ్నానికి సింధుజ వచ్చింది, వెంట గోవర్ధన్ కూడా, లాప్‌టాప్ చంకన పెట్టుకుని.

అతను లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. బాలమల్లు పేరు పక్కన ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆకుపచ్చ చుక్కలు, కొత్తగా నాటిన వరిమడిలాగా.

"హండ్రెడ్ పర్సెంట్ అమ్మా. మా మొత్తం స్టడీలో బెస్ట్ పేషెంట్ ఇతను. ఒక్క మిస్ లేదు."

"ఒక్క గోలీ గూడ మింగలే సారూ."

"సిస్టం ప్రకారం చూస్తే..."

"నీ సిస్టాన్ని ఈడ కూసోని దగ్గుమను, నేనూ చూస్త."

కుర్మయ్యకు నవ్వు ఆగక గోడ వైపు తిరిగాడు. సింధుజ నవ్వలేదు. తనే కూర్చుని మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. లేచాక గోవర్ధన్‌ను అడిగింది: "మిగతా పేషెంట్లందరికీ కూడా కళ్లె పరీక్ష చేయిద్దామా?"

"అది ఈ ఫేజ్‌లో లేదు, డాక్టర్. ఈ ఫేజ్‌లో ఫోన్ రెస్పాన్స్ మాత్రమే మెజర్ చేస్తాం."

మందు కడుపులోకి పోయిందో లేదో చూడరు. ఊపిరితిత్తుల్లో రోగం చచ్చిందో లేదో చూడరు. బొటనవేలు కదిలిందా లేదా, అంతవరకే చూస్తారు. దానికి ఇంత చదువు, ఇన్ని కార్లు. కౌసల్యమ్మకు ఉమ్మేయాలనిపించింది. దవాఖాన కాబట్టి ఊరుకుంది.

మర్నాటి నుంచి మళ్లీ డబ్బాలు చంకన పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది, అందరికీ కనిపించేటట్టుగానే. నియమం ఎందుకు తప్పారో వారంలోగా తెలపాలని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆమె జవాబు రాయలేదు. బాలమల్లుకు మందు మారింది. ఇప్పుడిక ఎనిమిది నెలలు, మొదటి రెండు నెలలు సూదులు కూడా. పని మానేసి ఇంటిపట్టున పడుకున్నవాడిని రోజు విడిచి రోజు దవాఖానకు నడిపించే పని ఆమెదే అయింది.

చలికాలంలో గండిపేట చెరువు పక్కన ఒక రిసార్టులో మీటింగు పెట్టారు. బయటి దేశపు ప్రొఫెసర్లు, ఫౌండేషన్ వాళ్లు వచ్చారు. కౌసల్యమ్మను కారు పంపించి పిలిపించారు. కోపంతో కాదు, శాలువా కప్పడానికి. ఊరి మనిషి ఒకరు వేదిక మీద ఉంటే ఫొటోకు బాగుంటుందని ఎవరికో తోచింది.

హాలులో చలిమిషన్ల చలికి పైట భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. తెర మీద ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి, చప్పట్లు మోగాయి. చెప్పేవాళ్లు పేదలు అన్న మాటను ఎంత ముద్దుగా పలుకుతున్నారో ఆమె విన్నది. శాలువా కప్పాక గోవర్ధన్ మైకు చేతికిచ్చాడు. "రెండు మాటలు చెప్పండమ్మా. నేను ఇంగ్లీష్‌లో చెప్తా."

ఆమె దాచకుండా చెప్పింది. "మా ఊరి బాలమల్లు రెండు నెలలు గోలీ ముట్టలే. ఆయన భార్య ఫోన్ నొక్కింది. మీరు చప్పట్లు కొట్టిన చుక్కలు గవే. ఇప్పుడు నెత్తురు కక్కుతున్నడు, రోజు విడిచి రోజు సూది ఏపించుకుంటున్నడు. ఇంటికి పోవద్దని నన్ను ఆపిన్రు, నేను ఆగిన. తప్పు నాది గూడ ఉన్నది. ఫోన్ ఇయ్యున్రి, ఎవలు గాదన్నరు? గని అందరి కళ్లె చూడున్రి. చూడకుంట బాగైన్రని రాయకున్రి."

గోవర్ధన్ మైకు తీసుకుని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పాడు. హాలంతా మళ్లీ చప్పట్లు.

కౌసల్యమ్మ అతని వైపు తిరిగింది. "సారూ, నేను గంత పొడుగు జెప్తే నువ్వు గింత పొట్టిగ జెప్పినవేంది?"

తెలుగు తెలిసినవాళ్లు నవ్వారు. అప్పుడు మూడో వరుసలోంచి సింధుజ లేచింది. "ఫోన్ వల్ల మీ పని తేలికైందని మీరు అన్నట్టు చెప్పాడమ్మా," అని అందరూ వినేటట్టు తెలుగులో అని, తర్వాత కౌసల్యమ్మ చెప్పిన ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పింది. నెత్తురు సంగతితో సహా.

ముందు వరుసలో ఒక తెల్ల ప్రొఫెసరు ఏదో రాసుకున్నాడు, చాలా ఆసక్తికరమైన విషయం అన్నాడు. ఆ తర్వాత భోజనాలకు లేచారు.

నెల తర్వాత సింధుజ బస్సులో ఊరికి వచ్చింది, ఒంటరిగా. ఉద్యోగం మానేసిందట.

"మీ ఊరిని లెక్కలోంచి తీసేశారమ్మా. మీరు నియమం తప్పారు కాబట్టి ఇక్కడి ఫలితం చెల్లదని రాశారు. మిగతా ఊళ్లలో ఇప్పటిదాకా నూటికి తొంభై నాలుగు మంది మందు సరిగ్గా వాడారని రిపోర్టు."

"మిగిలిన ఊళ్లల్ల కళ్లె చూసిన్రా?"

"లేదు."

"మంచిగున్నది," అంది కౌసల్యమ్మ. "రోగం దొరికిన ఊరు తీసేసిన్రు, చూడని ఊళ్లకు మార్కులేసుకున్రు. గీ తెలివికి ఆఫ్రికా గూడ సాలదు." కాసేపు చాటలో బియ్యం ఏరుతూ కూర్చుని అడిగింది, "గా ఊళ్ల పేర్లు నీ కాడ ఉన్నయా?"

సింధుజ సంచీలోంచి తొమ్మిది ఊళ్ల పేర్లున్న కాగితం తీసింది. అందుకే వచ్చింది కూడా.

తర్వాతి నెల మొదటి వారంలో మొయినాబాదులో అంగన్‌వాడీ టీచర్ల నెలవారీ మీటింగు జరిగింది. సూపర్‌వైజరు టీ తాగడానికి బయటికి పోయినప్పుడు కౌసల్యమ్మ లేచి ఆ తొమ్మిది ఊళ్ల పేర్లూ చదివింది. "ఇంటికి పోయి డబ్బా తెరవున్రి. పట్టీలు చూడున్రి. అనుమానముంటే మనిషిని చేవెళ్లకు పట్టుకరాన్రి. కుర్మయ్య ఉంటడు, సింధుజ డాక్టరమ్మ గూడ ఉంటది." ఎవరి సంతకం కావాలని ఎవరూ అడగలేదు. ఫోన్ల కాగితం వచ్చినప్పుడు తామూ ఆగిపోయినవాళ్లే. నీలమ్మ అనే టీచరు మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వాళ్ల ఊళ్లో ఒకడు దీపావళికే పోయాడు. అతని పేరు పక్కన ఆ తర్వాత కూడా మూడు వారాలు చుక్కలు పడ్డాయి.

పదిహేను రోజుల్లో పద్నాలుగు మంది మందు మానేసినవాళ్లు బయటపడ్డారు. వాళ్లను మళ్లీ మందులో పెట్టారు. కంపెనీ ఫోన్లు వాపసు తీసుకుపోయింది, విమలమ్మ ఫోనుతో సహా. వికారాబాదులో తల్లికి జ్వరమని ఆమెకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఫోన్లు తెచ్చినందుకు వచ్చినదానికంటే, ఆ ఒక్క ఫోను పట్టుకుపోయినందుకు కౌసల్యమ్మకు ఎక్కువ మంట పుట్టింది.

ఎనిమిది నెలలకు బాలమల్లు కళ్లె శుభ్రమైంది. ఊపిరి మాత్రం మునుపటిలా రాలేదు. సిమెంటు బస్తా ఎత్తలేడు, సెంట్రింగు ఎక్కలేడు. జన్వాడలో ఒక ఫామ్‌హౌస్‌లో చెట్లకు నీళ్లు పెట్టే పనికి కుదిరాడు. ఆఖరి గోలీ మింగిన రోజు అలవాటు కొద్దీ నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. కౌసల్యమ్మ చూసి డబ్బా మూసింది.

"అక్కా, నన్ను లెక్కల రాసుకోలేదంట గద?"

"వాళ్లు రాసుకోలే," అంది ఆమె. "నువ్వు పొయ్యి చెట్లకు నీళ్లు పెట్టు."