వెర్నా కుబాట్ అమ్మిన పోలీసు కారు

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని షెడ్డులోకెళ్లి, కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూడటం వెర్నా కుబాట్ అలవాటు. చల్లగా ఉంటే ఇంట్లోకెళ్లి గుడ్లు వేయించుకునేది. వెచ్చగా ఉంటే షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేసేది.

"ఎవరో ఇల్లు వదిలి పోతున్నారయ్యా, చూసుకోండి."

"సరే వెర్నా," అని వాళ్లు బయల్దేరేవాళ్లు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో ఇదేం వింత కాదు.

నలుపూ తెలుపూ రంగుల ఆ మస్టాంగ్ కారు ఒకప్పుడు హైవే పోలీసులది. పారిపోయేవాళ్లను తరిమి పట్టుకునే బండి. వెర్నా భర్త డెల్మార్ ఉద్యోగమంతా అందులోనే చేసి, వేలం వేసినప్పుడు తనే కొనుక్కున్నాడు. ఆయన పోయాక ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ తెల్లారేసరికల్లా తన చేతికి తగలడంతో వెర్నాకి విసుగు పుట్టింది. అమ్ముతానని పేపర్లో వేయించింది.

ఒమాహా నుంచి వెండెల్ స్ట్రాబ్ అనే ఆయన పికప్ ట్రక్కూ, వెనక ఖాళీ ట్రైలరూ వేసుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, పాత కార్లంటే ప్రాణం. నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి కారు అడుగంతా చూశాడు. పక్కనున్న సెర్చిలైటుని ముద్దుగా తుడిచాడు.

"ఇలాంటివి ఇంక దొరకవండీ," అంటూ బానెట్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "ఇప్పుడే నడిపారా?"

"వేసవి నుంచి తాళం తిప్పలేదు. ఎవరో పారిపోతున్నారు, అంతే."

"ఓహో," అని తాళ్లు తేవడానికి ట్రక్కు దగ్గరకెళ్లాడు. అతను దూరం జరగ్గానే బానెట్ చల్లబడింది. తిరిగొచ్చాడు. మళ్లీ వేడెక్కింది. వెర్నా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, ఇంట్లో ఎవరున్నారు?"

వెండెల్ తాళ్లు కింద పడేసి ట్రైలరు అంచున కూలబడ్డాడు.

"నా భార్య జాయిస్. నన్ను గుర్తుపట్టడం మానేసిందండీ. ఎవరో పరాయి మనిషిననుకుని మర్యాదగా కాఫీ ఇస్తుంది. 'మా ఆయనొచ్చే వేళైంది, మీరిక బయల్దేరండి' అంటుంది. బయల్దేరాను. వాళ్ల చెల్లెలికి రెండు రోజుల్లో వస్తానని చెప్పాను. ఈ కారేసుకుని అరిజోనా పోదామనుకున్నా. మళ్లీ రాకూడదనే."

వెర్నా కారు తాళాలు తీసుకుంది.

"మా ఆయన ఇలాంటివాళ్లని ఆపేవాడు కాదు. వెనకాలే వెళ్లేవాడు. నువ్వు పద, నేనొస్తా."

"నేను అరిజోనా వైపు తిప్పితే?"

"అటే వస్తా. భోజనం మాత్రం నువ్వే పెట్టించాలి."

హైవే మలుపు దగ్గర ట్రక్కు చాలాసేపు ఆగిపోయింది. వెనక పోలీసు కార్లో ఉన్న వెర్నా హారన్ కొట్టలేదు. చివరికి ట్రక్కు ఒమాహా వైపు తిరిగింది.

ఇంటి ముందు పోలీసు కారు ఆగగానే జాయిస్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

"ఆఫీసరమ్మా, మా ఆయన కనబడటం లేదు! పొద్దుననగా వెళ్లాడు. ఎత్తుగా ఉంటాడు, నల్ల జుట్టు. ఒక చెవి కాస్త పెద్దది."

నెరిసిన తలతో వెండెల్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"దొరికాడమ్మా. తీసుకొచ్చాను," అంది వెర్నా.

జాయిస్ అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. చెవి పట్టుకుని చూసింది.

"నువ్వేనా? జుట్టంతా ఇలా అయిపోయిందేం? అంత దూరం పోయావా?"

"పోయాను," అన్నాడు వెండెల్.

"లోపలికి రా. సూప్ చల్లారిపోతోంది."

వెర్నా డబ్బు తీసుకుని, కారు అక్కడే వదిలేసి బస్సెక్కింది.

ఆ తర్వాత కూడా జాయిస్ చాలాసార్లు వెండెల్‌కి మర్యాదగా కాఫీ ఇచ్చి, మా ఆయనొచ్చే వేళైందని చెప్పింది. అతను కాఫీ తాగి, థాంక్స్ చెప్పి, బయటికెళ్లి ఆ కారెక్కేవాడు. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి ఇంటి ముందు ఆపేవాడు. అప్పటికి జాయిస్ మెట్ల మీద నిలబడి ఉండేది.

"వచ్చావా," అనేది.