గుర్రం వెనక కాళ్ళు

రెండో అంకంలో గుర్రం కూలబడింది. దాని మీదున్న గెంజాబురో ఇనప కవచంతో సహా జారి వేదిక నడిమధ్య వెల్లకిలా పడ్డాడు. ఎనిమిది వందల మంది పగలబడి నవ్వారు. మేనేజరు తొమెజో తెర వేయించి పరుగున వెళ్ళేసరికి ఆ మహానటుడు లేచి నిలబడి విగ్గు సర్దుకుంటున్నాడు.

"వెనక కాళ్ళెవడు?"

"కుమహాచి అండీ."

"మేత ఇవ్వలేదని పడేశాడు. నాలుగో అంకంలోపు వాడొచ్చి అందరి ముందూ నా కాళ్ళ మీద పడాలి. కావాలనే చేశానని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఒసాకాలో ఏ నాటకశాల గడపా తొక్కడానికి వీల్లేదు. అర్థమైందా?"

"చిత్తం" అన్నాడు తొమెజో. రెండేళ్ళుగా ఆయన చేస్తున్న ఉద్యోగంలో సగం ఆ మాటే.

మేత అంటే గడ్డి కాదు. గుర్రం తోలు కింద దూరి మోసే ఇద్దరికీ పైన కూర్చున్న నటుడు రోజుకింత అని విడిగా ఇచ్చే డబ్బు. తాతల నాటి ఆనవాయితీ అది. ఇవ్వని పిసినారిని గుర్రం కాస్త కుదిపి ఏడిపించడమూ ఆనవాయితీయే. గెంజాబురో ఈ నెలంతా ఒక్క సెన్ విదల్చలేదు. ఇవ్వలేదన్న సంగతి తనకు తెలుసు కాబట్టి, పడగానే ఆ అనుమానమే వచ్చింది.

మూడో అంకం నడుస్తుండగా తొమెజో మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళాడు. వంశమున్న నటులకు కింద విడివిడి గదులు. ఏ వంశమూ లేని పాతికమందికి పైన ఒకటే గది. టోఫు అమ్ముకునేవాడి కొడుకు తొమెజో పదకొండో ఏట ఆ గదిలో చాప వేసుకున్నాడు. ఇరవై ఏడేళ్ళు శవంగా, సిపాయిగా, అడవిపందిగా, చివరికి గుర్రంగా బతికాడు. ఎంత బాగా చేస్తే ఏం లాభం? మాటలున్న వేషాలు తండ్రి నుంచి కొడుక్కి పొలాల్లా దిగుతాయి. నడుము పోయాక, నలుగురికీ సర్దిచెప్పి పని నడిపిస్తాడని నాటకశాల నడిపే కంపెనీవాళ్ళు ఆయన్ని మేనేజరుని చేశారు. మనవాడు మేనేజరయ్యాడని ఆ రోజు గదంతా సాకే తాగి చిందులేసింది. వాళ్ళ రోజు కూలి అప్పుడూ డెబ్బై సెన్లే, ఇప్పుడూ డెబ్బై సెన్లే. కొలత బియ్యం మాత్రం యాభై సెన్లకెక్కి కూర్చుంది. మొన్న వేసవిలో జనం బియ్యం కొట్లు పగలగొట్టారు కూడా.

కుమహాచి గోడకు ఆనుకుని కాలు చాపుకున్నాడు. మోకాలు వాచి నల్లబడింది. ముందు కాళ్ళు మోసే వాసుకే తడిగుడ్డ పెడుతున్నాడు.

"నిజం చెప్పు. కావాలని పడేశావా?"

"లేదన్నా. మోకాలు పట్టు తప్పిపోయింది. రోజూ ఉండే కాగితం కవచమైతే ఎలాగో లాక్కొచ్చేవాణ్ణి. ఇవాళ అసలు ఇనుమాయె."

తొమెజోకి తెలుసు. పత్రిక ఫోటోల కోసమని పాతసామాన్ల కొట్టు నుంచి ఆ కవచం తెప్పించింది తనే. పొద్దున రెండు చేతులతో ఎత్తి చూశాడు, చప్పుడు చెయ్యకుండా కింద పెట్టేశాడు.

"అయితే పద, అదే చెబుదాం."

"ఒద్దొద్దు. మోకాలు పోయిందని తెలిస్తే ఇంకెవడు పెట్టుకుంటాడు నన్ను? ఎలా చూసినా నా పని ఖాళీ. ఆయన కాళ్ళ మీద పడితే మనసు కరిగి ఏ పల్లెటూరి నాటకాలకైనా పోనిస్తాడేమో. నువ్వూ అప్పట్లో అదేగా చేశావు."

చేశాడు. ఎవడో చేసిన తప్పుకు పదిహేనేళ్ళ క్రితం నేలకు నుదురు ఆనించాడు. బుద్ధిమంతుడని పెద్దలు మెచ్చుకున్నారు. ఈ మేనేజరు గిరీకి పునాది పడింది ఆ రోజే. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు ఒళ్ళంతా చీదరగా అనిపించింది.

"సరే, నాలుగో అంకానికి వెనక కాళ్ళు ఎవరు?" అని గదినంతా చూస్తూ అడిగాడు.



"కవచం ఇనుందేనా?" అన్నాడు వాసుకే.

"ఫోటోలు ఇంకా అవలేదు."

"అయితే మీరే దూరండి మేనేజరు గారూ. అలవాటైన పనేగా."

మూలనెవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. తొమెజోని మాత్రం నవ్వు కన్నా ఆ 'మీరు' ఎక్కువ గుచ్చింది. ఒకే తోలు కింద పన్నెండేళ్ళు చెమటోడ్చిన వాసుకే ఇన్నాళ్ళూ ఒరే అనే పిలిచేవాడు.

గెంజాబురోకి వేషం కట్టే ముసలి కోహెయి మెట్ల సగంలో నిలబడి రొప్పుతున్నాడు. "బాబుగారు కవచం కట్టుకుని కూర్చున్నారు. కుమహాచిని తీసుకు రమ్మంటున్నారు, అంకం మొదలయ్యే వేళయింది."

చిత్తం అన్న మాట తొమెజో నాలుక చివరిదాకా వచ్చింది. కుమహాచి గోడ పట్టుకుని లేవబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టాడు.

"కూర్చో" అన్నాడు తొమెజో. తర్వాత మెట్ల వైపు తిరిగాడు. "కుమహాచి రాడు. వాడు పడెయ్యలేదు. ఆ ఇనుం తెప్పించింది నేను, బరువని తెలిసి నోరు మూసుకున్నదీ నేనే. అలాగే చెప్పు."

"మరి గుర్రం?"

"గుర్రం లేదు. ఆయన్ని నడిచి వెళ్ళమను."

కోహెయి గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. తొమెజో వచ్చి కుమహాచి పక్కన చాప మీద చతికిలబడ్డాడు. రేపటి నుంచి ఎక్కడ తింటాడో ఆయనకే తెలియదు.

"ఎంత పని చేశావురా" అన్నాడు వాసుకే.

కింద తెర తీసే ముందు కొట్టే కర్రల చప్పుడు మొదలైంది. పైవాళ్ళెవరూ దిగి రాకపోయేసరికి ఒకసారి ఆగి, మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. పైన ఎవరూ లేవలేదు.