మూడో కప్పు దాకా

జిమ్మా పట్నంలో వొర్కినేష్ కాఫీ గింజలు వేయించిందంటే, ఆ వాసనకి ఎదుటి కొండమీది మబ్బులు కూడా దిగొచ్చి పెరట్లో చతికిలబడతాయని చెప్పుకునేవారు. మబ్బుల సంగతేమో గానీ, ఆ ఇంట్లో అద్దెకుంటున్న ములునేష్ మాత్రం రోజూ మధ్యాహ్నం మూడయ్యేసరికి పుస్తకం మూసి వచ్చి కూర్చునేది.

యూనివర్సిటీలో ఆ పిల్లకి రెండో ఏడు. గణాంకశాస్త్రం ఒకసారి తప్పింది. పన్నెండు రోజుల్లో మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే పెట్టె సర్దుకుని ఊరికి పోవాల్సిందే.

కాఫీ ఒక్క కప్పుతో తేలే పనా? గింజలు వేయించాలి, దంచాలి, సాంబ్రాణి వెయ్యాలి, మట్టి కూజాలో అదే పొడిమీద మూడుసార్లు కాచాలి. దీవెన ఉండేది మూడో కప్పులో. రెండో కప్పుకే లేచిపోతే దాన్ని పీటమీద వదిలేసి పోయినట్టే. ఆ మూడోది అందేసరికి పొద్దు వాలేది.

"ఇంటివాళ్ళు పిలుస్తారు, నేనేం చెయ్యను?" అని ములునేష్ తనకి తనే సర్దిచెప్పుకునేది.

ఒకరోజు తెగించి, "కడుపునొప్పి పిన్నీ, ఇవాళ రాను" అంది. వొర్కినేష్ హడలిపోయి, పెరటి ఆకేదో తుంచి కూజాలో వేసి, ప్రత్యేకంగా నాలుగోసారి కూడా కాచి పట్టింది.

పక్కవాటా బెయెనె తాత పేలాలు నములుతూ నవ్వాడు. "నీకంటే నా కంచరగాడిద నయమే! ఓసారి నేను రెండు కప్పులకే లేచి బయల్దేరానా, అది దారిమధ్య కూలబడింది. దీవెన లేందే అడుగు వెయ్యనంది. ఏం చేస్తాం, దాన్నే భుజాన వేసుకుని రెండు కొండలెక్కా."

"ఎన్ని కోతలు కోస్తావు తాతా!"

"కోతలే అనుకో. ఇంతకీ ఆరోజు ఎవరు ఎవర్ని నడిపినట్టే, పిల్లా?"

అందరూ పగలబడి నవ్వారు. ములునేష్‌కి నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే వొర్కినేష్ ముందు నిలబడింది. "పిన్నీ, నిన్న నాకు నొప్పీ లేదు, పాడూ లేదు. చదువుకోవాలని అబద్ధమాడా. ఇకనుంచి కాఫీ నేను కాస్తా. మూడింటికి కాదు, ఆరింటికి."

కూజా ఎవరి చేతిలో ఉంటే వేళ వాళ్ళ ఇష్టం. ఆ వాడలో దాన్ని కాదన్నవాళ్ళు లేరు. వొర్కినేష్ కూడా కాదనలేదు. కొంగు సర్దుకుంటూ, "మూడంటే మీ బాబాయి పనినుంచి వచ్చే వేళ" అంది. "పోయి నాలుగేళ్ళయింది. అయినా ఆ గంట ఒంటరిగా గడవదే తల్లీ."

'పోనీలే పిన్నీ, మూడింటికే కాద్దాం' అన్న మాట ములునేష్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అయితే ఆ గంట నా గదికొచ్చెయ్. కబుర్లు మాత్రం వద్దు."

మూడింటికి వొర్కినేష్ చేటతో వచ్చి గడపలో కూర్చుంది, గింజల్లో రాళ్ళు ఏరుతూ. మొదటిరోజు ఆ గలగలకే ములునేష్ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ తనే కూర్చుంది. నాలుగోరోజుకి ఆ చప్పుడు లేకపోతే లెక్క సాగనంతగా అలవాటైంది.

తాత తొంగిచూసేవాడు. "ఆరు ఇంకా కాలేదుటే? నా గడియారం ముసలిదైంది, నడవలేకపోతోంది."

"దాన్నీ భుజాన వేసుకో తాతా!"

పరీక్షనాడు తెల్లారకముందే వొర్కినేష్ పొయ్యి రాజేసింది. "ఈ ఒక్కపూట నేను కాస్తా, అడ్డు చెప్పకు." రెండు కప్పులయ్యాయి. మూడోది ఇంకా పొంగుకి రాలేదు. పరీక్షకి వేళవుతోంది, హాలేమో అరగంట నడక. అందరూ ములునేష్‌నే చూస్తున్నారు, వెళ్ళమని గానీ ఉండమని గానీ ఎవరూ అనలేదు.

కప్పు కింద పెట్టి లేచింది. "వెళ్ళొస్తా పిన్నీ."

"మరి దీవెనో?" అన్నాడు తాత.

"ఇక్కడే ఉండనీ. వచ్చి తాగుతా."

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పీటమీద ఆమె కప్పు సాసర్ మూతతో ఉంది. చల్లగా, చేదుగా, అడుగున మడ్డితో. వేడిచేస్తానన్నా వినకుండా గుక్కలో తాగేసింది.

వారానికి పాసైనట్టు తెలిసింది. దీవెన తన గాడిదదేనని తాత వాడంతా చాటాడు.

వొర్కినేష్ మెల్లిగా అడిగింది, "పరీక్ష అయిపోయిందిగా. ఇక మళ్ళీ మూడింటికేనా?"

"ఆరింటికే పిన్నీ" అంది ములునేష్, చేట తెచ్చి ఆమె ఒళ్ళో పెడుతూ. "మూడింటికి నువ్వు నా గడపలో ఉండాలిగా."