పదికి ఆరు

పోలిరాజు ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిసికాడు. వేళ్లు విప్పితే వేళ్ల గుర్తులతో ముద్ద నిలిచింది. దాన్ని మధ్యకు విరిచాడు. విరిగిన అంచు రాలలేదు, అరచేతికి తడి అంటలేదు. "పదునుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆటోనగర్‌లోని ఆ చిన్న ఫౌండ్రీలో ఆ రోజు పని మొదలైంది.

ఇసుకలో అచ్చులు తీసి, వాటిలో కరిగిన ఇనుము పోసి, మేన్‌హోల్ మూతలూ పంపు తొడుగులూ చేసే చోటది. ముప్పై ఎనిమిదేళ్లుగా పోలిరాజుది అదే పని. పొట్టి మనిషి. కుడి ముంజేతి మీద వెంట్రుక అన్నది లేదు, ఎప్పుడో కాలిపోయింది. వేళ్ల గీతల్లో పట్టిన నలుపును ఏ సబ్బూ వదిలించలేకపోయింది. ఇసుక దుమ్ము ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంది. పని మానేయమని డాక్టరు చెబితే "అలాగే బాబూ" అన్నాడు, మర్నాడు మామూలుగానే కూర్మన్నపాలెంలో బస్సెక్కాడు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది మరి.

నవ్వకండి గానీ, ఏడో తరగతితో బడి మానేసిన ఈ మనిషికి సైన్సంటే పిచ్చి. ఫోన్లో 'తెలుగు సైన్సు ముచ్చట్లు' అనే వేదిక ఉంది. లెక్చరర్లు, ఇంజనీర్లు, బడిపంతుళ్లు అందులో రాసుకుంటూ ఉంటారు. మూడేళ్లుగా ప్రతిరోజూ టీ వేళకు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు. చదవడానికి అడ్డులేదు. రాయాలంటే మాత్రం పది ప్రశ్నల పరీక్ష, ఏడు రావాలి. రాయాలని అతనికి ఏనాడూ అనిపించలేదు. పెద్దవాళ్ల మధ్య మనకేం పని అనుకునేవాడు.

ఆ రోజు పది గంటలకు టీ తాగుతూ ఫోను తెరిచాడు. భ్రమరాంబ అనే టీచరు ఒక ఫోటో పెట్టింది. నర్సీపట్నం వైపు ఏదో హైస్కూలు. ఆవరణలో మట్టి తవ్వి, నీళ్లు చల్లి, నక్షత్రం ఆకారంలో గుంట నొక్కారు. మధ్యాహ్నం మూడింటికి పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి అందులో పోస్తారట. పిల్లలు చుట్టూ కూర్చుని దగ్గర్నుంచి చూస్తారట. కింద అరవై మంది మెచ్చుకున్నారు. అందరూ పరీక్ష నెగ్గినవాళ్లే.

పోలిరాజు ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. గుంట అడుగున మట్టి నిగనిగలాడుతోంది. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏటైంది బావా?" అన్నాడు జాకీర్. అతనితో పాటే పోత పోసే మనిషి జాకీర్.

"మట్టి మెరుత్తంది. నీళ్లున్నాయి అడుగున. పోసారంటే పేల్తాది."

"మరి రాయి, సెప్పు."

రాయడానికి పరీక్ష పెట్టారు కదా. అక్కడే నిలబడి రాశాడు. ఇనుము ఎంత వేడికి కరుగుతుందని అడిగితే పదకొండు వందల యాభై డిగ్రీలు అని నొక్కాడు. రోజూ కళ్లతో చూసేదే, తడుముకునే పని లేదు. తెర మీద ఎర్రగుర్తు పడింది. పదిహేను వందల ముప్పై ఎనిమిది అట సరైన జవాబు. మొత్తం మీద పదికి ఆరు వచ్చాయి. ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ ప్రయత్నించండి అని వచ్చింది.

"అంత వేడి మన కొలిమికి ఎక్కడిది బావా?" అని జాకీర్ తెల్లబోయాడు.

పోలిరాజు ఆ మాట వినిపించుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి వాన రోజు కళ్ల ముందుకు వచ్చింది. అది వేరే ఫౌండ్రీ, ఎప్పుడో మూతపడింది. ఆ పొద్దున అచ్చు అడుగున ఇలాగే మెరుపు చూశాడు. డిప్లొమా చదివిన సూపర్‌వైజరు పక్కనే ఉండి పోయమన్నాడు. చదువుకున్నవాడికి తెలియదా అనుకుని పోలిరాజు నోరు మూసుకున్నాడు. పోసింది చలమయ్య, పోలిరాజు భార్య సన్యాసమ్మకు సొంత అన్న. లోహం తగలగానే అడుగున నీళ్లు ఆవిరై, కరిగిన ఇనుమంతా ఎగజిమ్మింది. ఆరో రోజున చలమయ్య పోయాడు. ఆ మెరుపు తాను ముందే చూశానని పోలిరాజు ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అసలే చెప్పలేదు.

వేదిక నడిపే ఆయనకు కబురు పంపే మీట ఒకటి కనబడింది. టైపు చేస్తే ఆలస్యమవుతుందని గొంతుతోనే పంపాడు. "బాబూ, నాను పోత పనోణ్ని. ఆ టీచరమ్మ మట్టిలో నీళ్లున్నాయి. పిల్లలున్నారు. పరీక్ష నెగ్గలేదు నాను, ఏటి సెయ్యమంటారు?" ఫోను నంబరు చెప్పి పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత రెండు అచ్చులు చెడగొట్టాడు. అతని చేతిలో అచ్చు చెడడం అక్కడెవరూ ఎరగరు.

పన్నెండున్నరకు ఫోను మోగింది. శివరామకృష్ణ అట, సీతమ్మధారలో ఉండే రిటైరైన ఫిజిక్సు లెక్చరరు.

"పోలిరాజు గారూ, పరీక్ష మీలాంటి వాళ్లను ఆపడానికి పెట్టలేదండీ. రెండేళ్ల కిందట ఒకాయన రెండు రకాల బాత్రూం క్లీనర్లు కలిపితే బాగా శుభ్రపడుతుందని మా దాంట్లో రాశాడు. ఒకావిడ అలాగే చేసి, ఆ గ్యాసు పీల్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నేను చూస్తూ ఊరుకున్నట్టయింది. అందుకని పెట్టాను."

"మంచి పని సేసారు బాబూ" అన్నాడు పోలిరాజు. మనసులో మాటే అన్నాడు.

"మరి ఫోటో చూసి తడి ఎక్కువని ఎలా చెబుతున్నారు? ఎక్కడైనా పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో ఉందో లేదో నాకు తెల్దు. పోత మట్టికి తడుండాల గానీ మెరవకూడదు. మెరిస్తే ఏటవుద్దో మా బావ ఒంటి మీద సూసాను."

"ఇనుము ప్రశ్నలో శుద్ధమైన ఇనుము అని రాయాల్సింది. మీరు కరిగించేదాంట్లో కార్బన్ కలిసి ఉంటుంది, తక్కువ వేడికే కరుగుతుంది. ఆ తప్పు నాది" అన్నాడు శివరామకృష్ణ. "టీచరుగారికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, క్లాసులో ఉన్నట్టున్నారు. మీకు దారి తెరుస్తున్నాను. మీరే రాయండి. నేను రాస్తే ఆవిడ నన్ను ప్రశ్నలు అడుగుతారు, నాకు జవాబులు తెలియవు."

అన్నం డబ్బా మూత కూడా తీయకుండా పోలిరాజు రాయడానికి కూర్చున్నాడు. నల్లటి బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ముప్పావుగంట రాశాడు. తప్పులు పడ్డాయి, దిద్దలేదు. పంపేశాడు. రెండున్నరకు కొలిమి సిద్ధమైంది. మూడు గంటలప్పుడు అతనూ జాకీరూ ఎర్రటి ఇనుమున్న పాత్రను చెరో వైపు పట్టుకుని అచ్చు తర్వాత అచ్చు నింపుతున్నారు. ఆ సమయంలో చెయ్యి వదిలి ఫోను చూసే వీలు లేదు. అంత భయం అతను ఏ పోత రోజునా పడలేదు.

నాలుగింటికి గోడవార కూలబడి ఫోను చూశాడు. టీచరు జవాబు ఉంది. "ఆపేశాం పోలిరాజు గారూ. గుంట తవ్వి చూస్తే అడుగున నీళ్లు ఊరుతున్నాయి. ముప్పై నలుగురు పిల్లలు అప్పటికే చుట్టూ కూర్చుని ఉన్నారు. అసలు ఎంత తడి ఉండాలి, మాకు నేర్పుతారా?"

ముక్కు చీదుకున్నాడు. నవ్వాడు. మట్టిని ఎలా పిసకాలో, ఎలా విరవాలో, పోసేటప్పుడు పిల్లల్ని ఎంత దూరంలో ఉంచాలో రాసి పంపి బస్సెక్కాడు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. వంటింట్లో సన్యాసమ్మ చేపల పులుసు పెడుతోంది.

"సన్యాసీ, ఇలా రా. నీతో ఒక మాట సెప్పాల."

"వత్తన్నాను, పులుసు దించేసి వత్తన్నాను" అంది ఆమె.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని కాసేపు లేపలేదు.

అతని పన్నెండో రోజు కర్మ అయ్యాక ఆ ఫోను మోగింది. శివరామకృష్ణ. సన్యాసమ్మ ఎత్తి, ఆయన పోయిన సంగతి చెప్పింది. పిల్లలు నక్షత్రాన్ని క్షేమంగా పోశారనీ, పోలిరాజు గారి కోసం వేదికలో ఇరవై మంది ప్రశ్నలు రాసి ఎదురుచూస్తున్నారనీ చెప్పాడు శివరామకృష్ణ.

"ఆయన రాసారా? ఏటి రాసారు బాబూ? నాకు సదువు రాదు, సదివి పెట్టండి" అంది సన్యాసమ్మ.

ఆయన చదివాడు. "అమ్మా ఆపండి. మట్టి మెరుత్తంది. పోత్తే పేల్తాది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఇలాటి మెరుపే నాను సూసాను. సదువుకున్నోళ్ల ముందు ఏటి సెప్తానని నోరిప్పలేదు. మా బావ పోయాడు. అప్పుడు సెప్పాల్సింది ఇప్పుడు సెప్తన్నాను. పిల్లల్ని దూరం పంపండి."

సన్యాసమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

"ఆ బావ మా అన్నే బాబూ" అంది. ఆమెకు ముందు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు తన పక్కనే ఉండి దాచాడు. ఆ వెంటనే, ఇన్నేళ్లు ఒక్కడే మోశాడని జాలేసింది. "ఆ రోజు పిలిసారు నన్ను. పులుసు దించేసి వత్తానన్నాను" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.



కొంగు తీసి, "మళ్లీ సదవండి" అంది.

ఆయన మళ్లీ చదివాడు. అయ్యాక ఆమె ఫోనును కిటికీ గట్టు మీద పెట్టింది. దాని అద్దం మీద కింది వైపు బొటనవేలి ముద్రలు ఒకదాని మీద ఒకటి నల్లగా పడి ఉన్నాయి. సన్యాసమ్మ కొంగు ఎత్తి, తుడవబోయి, ఆగింది.