చెల్లెలి రక్తం పాడిన పూట

పొద్దున్నే ల్యాబ్ తలుపు తీసి, దేవుడికో దండం పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుంటుంది అక్క. ఆవిడ సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు. తీసిన రక్తం గొట్టంలో కూనిరాగం తీస్తుంది, ఎవరి రాగం వాళ్లది. డ్రైవర్ రక్తం ఈల వేస్తుంది, పంతులమ్మ రక్తం ఎక్కాలు వల్లిస్తుంది. యంత్రంలో గిర్రున తిప్పితే కణాలు అడుక్కి దిగుతాయి, పైన తేరిన పసుపు నీరు నోరు మూసుకుంటుంది. ఇక పరీక్షకు పనికొస్తుందన్నమాట.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది సొంత చెల్లెలు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే రక్తాన్ని గడ్డకట్టించి బిడ్డకు దారి మూసేస్తున్నాయేమోనని డాక్టరమ్మ అనుమానం. పన్నెండు వారాల కిందట అవి కనిపించాయి. ఇప్పుడూ కనిపిస్తేనే జబ్బు ఖాయం, ఇంజెక్షన్లు మొదలు. ఈలోగా మళ్లీ నెల తప్పింది.

"అంత గట్టిగా కట్టకే, చెయ్యి ఊడొస్తుంది!"

"నోర్ముయ్. ఊడితే అతికిస్తాలే."

చెల్లెలి రక్తం మాత్రం కిక్కురుమనలేదు. రెండో బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె పాడిందే లేదు మరి.

ఈ పరీక్షకు రక్తాన్ని రెండుసార్లు తిప్పాలి. ప్లేట్‌లెట్లనే కణాలు నాలుగు మిగిలినా, యాంటీబాడీలను పరీక్షకు అందకుండా తమలో దాచేస్తాయి. కానీ ఆ ల్యాబ్‌లో అందరూ చెవినే నమ్ముతారు. అక్క ఒక్కసారి తిప్పి, చెవి పెట్టింది. చప్పుడు లేదు. పరీక్షకు పెట్టేసింది. మామూలుగానే గడ్డకట్టింది.

"ఏమీ లేదే! ఇంజెక్షన్లు అక్కర్లేదు!"

బయట బెంచీ మీద చెల్లెలు కళ్లు తుడుచుకుంది. పొట్ట మీద చెయ్యేసుకుని, సన్నగా జోలపాట ఎత్తుకుంది.

చూడండి ఆ దేవుడి లీల! లోపల స్టాండులో పసుపు నీరూ అదే పాట ఎత్తుకుంది.

అక్క స్టాండు దగ్గరికి ఉరికింది. తేరిన నీరు పాడుతోందంటే కణాలింకా ఉన్నట్టే. "భగవంతుడా, అసలే పాడని రక్తం నోరు విప్పలేదని శుభ్రపడిందనుకున్నానా!"

మిగిలినదాన్ని మళ్లీ తిప్పింది. బయట పాట సాగుతూనే ఉంది, గొట్టంలో ఆగింది. ఈసారి పరీక్షలో ఎంతకీ గడ్డకట్టలేదు. ఆ యాంటీబాడీలుంటే అంతే, గాజు గొట్టంలో బద్ధకించే రక్తమే ఒంట్లో గడ్డకట్టడానికి తొందరపడుతుంది.

"తప్పు నాదేనే. అవి ఉన్నాయి."

పాట ఆగింది. "మరి నా బిడ్డ?"

"నిలుపుకుందాం. మందుంది. ఇవాళ్టి నుంచే."

డాక్టరమ్మ రాసిన ఇంజెక్షన్ పట్టుకుని అక్క ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. చెల్లెలు సూది లాక్కుంది.

"ఇటివ్వు. ఆ కన్నీళ్లలో నీకు నా పొట్టెక్కడుందో కూడా కనపడట్లేదు."

అమ్మా అని కూడా అనకుండా తనే పొడుచుకుంది.